అనుబంధ కట్టడం

శరణ్య రాసిన కాంట్రాక్టుకు వంక పెట్టలేమని గుంటూరులో కన్సల్టెంట్లందరూ ఒప్పుకునేవారు. చదివింది సివిల్ ఇంజనీరింగే అయినా ఆమె ఏనాడూ సిమెంటు జోలికి పోలేదు. జానకిరామయ్యగారి ఆఫీసులో చేరిన పదకొండేళ్ళుగా ఆమె పనంతా కాగితాల మీదే, అందులోనూ కట్టబోయే చోట నేల బరువు మోస్తుందో లేదో చూసే భూపరీక్ష కాంట్రాక్టుల మీదే. ఫలానా స్థలంలో ఎన్ని బోర్లు వెయ్యాలి, ఎంత లోతుకు దించాలి, బయటికి తీసిన మట్టి ఎవరికి చూపించాలి, ఎవరికి చూపించకూడదు, రేపు తేడా వస్తే జవాబుదారీ ఎవరు, ఇవన్నీ పద్నాలుగు పేజీల్లో సర్దేది. ఆ పద్నాలుగు పేజీలనే ఊరి పేరూ యజమాని పేరూ మార్చి ప్రతి పనికీ వాడుకునేవారు.

అందులో నాలుగో క్లాజు ఇలా ఉంటుంది: "పరీక్ష ప్రధాన కట్టడానికే పరిమితం. అనుబంధ కట్టడాలకు బోర్లు అవసరం లేదు." ఎప్పుడో ఒక కాలేజీవాళ్ళ సైకిళ్ళ షెడ్డు గొడవలో రాసిన మాట అది. సైకిళ్ళు పెట్టుకునేదానికి పది మీటర్ల బోరు దేనికని అప్పుడు అందరూ నవ్వారు. క్లాజు బాగా కుదిరిందని జానకిరామయ్యగారు మెచ్చుకుంటే శరణ్య దాన్ని అలాగే ఉంచేసింది. ఆ తరవాత దాని గురించి ఎవరూ ఆలోచించలేదు. ఆమె కూడా.

పోయిన డిసెంబరులో జయపాల్ ఫోన్ చేశాడు. ఆఫీసు తరఫున బోర్లు వేసే మేస్త్రీ అతను. ఇరవై ఏళ్ళ అనుభవం. బోరు పుస్తకంలో అబద్ధం రాస్తే ఆదివారం ప్రార్థనకు కూర్చోలేనంటాడు. అప్పుడతను మార్టూరు అవతల పత్తిచేలో ఉన్నాడు. జయదేవ్ అనే ఆయన అక్కడ మిర్చి కోసం ఏసీ గోడౌను కట్టబోతున్నాడు.

"మేడమ్, మీరొకసారి రావాలండి."

"ఏమైంది? పైపు ఇరుక్కుందా?"

"లేదండి. అయిదు బోర్లూ దిట్టంగా ఉన్నాయి. కింద సుద్ద, ఆ కింద రాయి. వాటికేం ఢోకా లేదు. సామాను సర్దుకుని వెనకవైపు నుంచి పోదామని బోరు వేసే ముక్కాలి స్టాండు ఈడ్చుకెళ్తుంటే దాని కాలు భూమిలోకి దిగిపోయిందండి. లాగితే రావట్లా."

"నల్లరేగడి కదా, తడికి దిగి ఉంటుంది."

"రేగడి నాకు తెలీదాండీ? ఇది రేగడి కాదు. మీరొచ్చి చూడండి."

మధ్యాహ్నానికి శరణ్య అక్కడికి చేరింది. ముందువైపు పత్తికట్టె ఆమె భుజాల ఎత్తున నిలబడి ఉంది. వెనక ఒక ఎకరం మేర మాత్రం మోకాలు దాటలేదు. ఆ గిడసబారిన కట్టె మధ్య ఇనుప స్టాండు ఒక పక్కకు ఒరిగిపోయి ఉంది. కాలు దిగిన చోట జానెడు నల్లమట్టి కింద తెల్లటి బురద తేలింది. ఇడ్లీ పిండిలా మెత్తగా, చల్లగా ఉంది. వేలితో తీసి చూస్తే ఇసుక పలుకు ఒక్కటి లేదు.

జయపాల్ పన్నెండడుగుల ఇనుప కడ్డీ తెచ్చి దాని పక్కనే నిలబెట్టాడు. "చూడండి మేడమ్. నేను నొక్కను" అని చేతులు తీసేశాడు.

కడ్డీ నెమ్మదిగా లోపలికి పోసాగింది. ఎక్కడా ఆగలేదు, తడబడలేదు. చివర రెండడుగులు మిగిలాక జయపాల్ గబుక్కున పట్టుకున్నాడు. శరణ్య తెలియకుండానే నాలుగడుగులు వెనక్కి వేసింది.

"ఆడ నిలబడమాక తల్లీ, ఇంకా ఇవతలికి రా" అని ఎవరో కేకేశారు. పొయ్యిలోకని ఎండు పత్తికట్టె ఏరుకుంటున్న ముసలామె. పక్క పల్లెలో ఉంటుంది, పేరు వీరమ్మ. ఆమె మోపు దించుకుని వాళ్ళ దగ్గరికొచ్చింది.

"ఇది కంకరగుంట. పెద్దరోడ్డు వేసేటప్పుడు తవ్వారు. నాలుగు నిలువుల లోతుండేది. తరవాత ట్యాంకర్లు రావటం మొదలుపెట్టినయ్యి. గ్రానైటు రాళ్ళు కోసే ఫ్యాక్టరీల కాడి తెల్లనీళ్ళు ఎక్కడెక్కడినుంచో తెచ్చి ఇందులో పోసి పోయేవోళ్ళు. ఏడెనిమిదేళ్ళు పోశారు. పైన ఎండి బండలాగుంటది, కింద ఎండదు. మా ఆయన అంకయ్య కళ్ళ ముందే ఒక దున్నపోతు దిగింది. మోకు వేసేలోపు కొమ్ములు కూడా కనపళ్ళా."

"మరి ఈ నల్లమట్టి?"

"ఈ జయదేవ్ బాబు వాళ్ళ నాయనే తోలిచ్చాడు. పైన పత్తి వేశారు. చూశావుగా ఎట్టా వచ్చిందో."

శరణ్య సంచిలోంచి ప్లాను తీసి విప్పింది. గోడౌను ముందువైపు, గట్టి నేల మీదే ఉంది. వెనక, సరిగ్గా తను నిలబడ్డ చోట, పొడుగాటి గడి ఒకటి గీసి ఉంది. దానిమీద చిన్న అక్షరాలతో "ముచ్చికల షెడ్డు, అరవై మంది" అని రాసి ఉంది. మిరపకాయల ముచ్చికలు తుంచే ఆడవాళ్ళు కూర్చునే షెడ్డు. అనుబంధ కట్టడం.

జయదేవ్ పావుగంటలో వచ్చాడు. నలభై దాటని మనిషి. నెమ్మదిగా మాట్లాడతాడు, మాటకు ముందు నవ్వుతాడు. శరణ్య చెప్పిందంతా మధ్యలో అడ్డు రాకుండా విన్నాడు.

"ఇక్కడ ఇంకొక్క బోరు వేయించండి" అందామె. "మీరు ఉత్తరం ఇస్తే చాలు, రేపే వేస్తాం. షెడ్డు ముందుకు జరుపుకోవచ్చు."

"ముందు లారీలు తిరగాలండి. జరపటానికి చోటేదీ?" అన్నాడు జయదేవ్. "అయినా రేకుల షెడ్డుకు బరువేముంటుంది శరణ్యగారూ? అనుబంధ కట్టడాలకు బోర్లు అక్కర్లేదని కాంట్రాక్టులో ఉందిగా. మీరే రాశారట, జానకిరామయ్యగారు చెప్పారు. చాలా బాగా రాశారు." మళ్ళీ నవ్వాడు. "పదకొండో క్లాజు కూడా గుర్తుందనుకుంటాను. సైటులో చూసినవి నా అనుమతి లేకుండా బయట చెప్పకూడదు."

అది కూడా ఆమె రాసిందే.

మర్నాడు జానకిరామయ్యగారి గదికి వెళ్ళి సంగతి చెప్పింది. ఆయన పెద్దమనిషి. వేళకు సంధ్య వార్చుకుని, వేళకు ఆఫీసుకొచ్చి, ఎవర్నీ గట్టిగా కసరడం ఎరగనివాడు. కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టి, "అమ్మా శరణ్యా" అన్నాడు. "మనల్ని అడిగింది అయిదు చోట్ల గురించి. అయిదింటి గురించీ నిజమే చెబుతున్నాం. ఆరో చోటు సంగతి మనం ఎత్తామనుకో, అది మన నెత్తికెక్కుతుంది. బాగుచేసే దారి చెప్పాలి, చెప్పాక పర్యవేక్షించాలి, రేపు కూలితే మనమే నిలబడాలి. అడగని ప్రశ్నకు జవాబు రాయడం ఎప్పుడూ ప్రమాదమే."

"అరవై మంది కూర్చుంటారండీ అక్కడ."

"ఆ స్టాండు కాలు దిగిన సంగతి ఒక కాగితమ్మీద రాసి మన ఫైల్లో పెట్టుకో. నీ తృప్తికి. రిపోర్టులో మాత్రం వద్దు."

శరణ్య ఒక పేజీ రాసింది. తారీఖు వేసింది, కడ్డీ ఎంతవరకు దిగిందో రాసింది, కంకరగుంట సంగతి రాసింది. ఫైల్లో పెట్టింది. ఆ తరవాత రిపోర్టు చివర "బోర్లు వేసిన అయిదు చోట్లు తప్ప ఇతర ప్రదేశాల గురించి ఈ నివేదిక ఏమీ చెప్పదు" అన్న వాక్యం టైపు చేసి, కింద సంతకం పెట్టింది. సంతకం ఎప్పటిలాగే పొందిగ్గా వచ్చింది. అదే ఆమెను చాలాకాలం బాధపెట్టింది.

ఎండలు ముదిరాక ఒకసారి బంధువుల పెళ్ళికి సింగరాయకొండ పోతూ ఆమె ఆ దారిన వెళ్ళింది. కావాలనే డ్రైవరుని పక్కకు తిప్పించి కారు ఆపించింది. గోడౌను లేచింది. వెనక నీలంరంగు రేకుల షెడ్డు కూడా లేచింది. లోపల ఆడవాళ్ళు వరసలుగా కూర్చుని ముక్కులకు గుడ్డలు కట్టుకుని పని చేసుకుంటున్నారు. ఎండకు చుట్టూ భూమి పళ్ళెంలా గట్టిగా ఉంది. ఏమీ కాలేదు. అనవసరంగా బెదిరానేమో అనుకుంది. ఆ పూట పెళ్ళిభోజనం బాగానే సయించింది.

ఆగస్టులో ముసురు పట్టింది. నాలుగు రోజులు వదలకుండా కురిసింది. అయిదో రోజు పొద్దున్నే జయపాల్ ఫోను.

"మేడమ్, మా ఊరికి దగ్గరని మా ఆవిడ స్తుతి ఆ షెడ్డులోకే పనికి పోతుందండి. నేను వద్దన్నా వినలేదు. నిన్న వచ్చి చెప్పింది, గచ్చు మీద నడుస్తుంటే చప్పుడు మారిందంట. డప్పు మీద నడిచినట్టుందంట. తలుపు మూసుకోవట్లేదు. గోడ వారన తెల్లనీళ్ళు ఊరతన్నాయంట."

"మీ ఆవిణ్ణి ఇవాళ పంపించకండి."

"పంపించలేదండి. మిగతావాళ్ళో?"

జానకిరామయ్యగారికి చెబితే ఆయన తల అడ్డంగా ఊపాడు. "మన కాంట్రాక్టు జనవరితో అయిపోయింది. ఇప్పుడు ఏ హోదాలో వెళ్తావమ్మా?"

ఆమె తన బల్ల దగ్గరకొచ్చి ఆ పద్నాలుగు పేజీలూ బయటికి తీసింది. మొదటి మాట నుంచి చివరి మాట దాకా చదివింది. మనుషుల ప్రాణానికి ముప్పు కనిపిస్తే చెప్పాలని గానీ, చెప్పొచ్చని గానీ ఎక్కడైనా ఉందేమోనని వెతికింది. ఇన్నేళ్ళలో తనకు ఆ మాట రాయాలనిపించలేదు. కాగితాలు అక్కడే వదిలేసి బస్టాండుకు వెళ్ళింది.

షెడ్డు గుమ్మంలో అడుగుపెట్టగానే మిరపకోరు ఘాటుకు దగ్గు ముంచుకొచ్చింది. యాభై మందికి పైగా ఉన్నారు. గోడ వారన వంగి, పగులులో వేలు పెట్టి చూసింది. చల్లగా, మెత్తగా తగిలింది. వేలు తెల్లగా బయటికొచ్చింది.

"అందరూ బయటికి రండి" అంది. దగ్గువల్ల గొంతు సరిగా రాలేదు. మళ్ళీ గట్టిగా అరిచింది. "ఈ కింద నేల లేదు. లేచి బయటికి రండి!"

సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చాడు. "ఎవరండీ మీరు? లోపలికెవరు రానిచ్చారు?"

"ఈ స్థలం పరీక్ష చేసిన ఆఫీసు నుంచి వచ్చాను."

"పరీక్ష చేసి బాగుందనే కదా రాసిచ్చారు?"

వరసల మధ్యలోంచి ఒక ముసలామె తలెత్తింది. వీరమ్మ. "నేనూ అట్టాగే అనుకున్నా తల్లీ" అంది. "ఆ గుంట సంగతి నీకు నేనే చెప్పాను గదా, అయినా బాగుందన్నారంటే మిషన్లు పెట్టి చూసుంటారు, బాగు చేసుంటారు అనుకున్నా. అందుకే పన్లోకొచ్చా. మా ఆయన్ని కూడా గేటు కాడ వాచ్‌మెన్‌గా పెట్టిచ్చా."

శరణ్యకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోరు వల్లనో మరి దేనివల్లనో. "ఈ చోట మేం పరీక్ష చెయ్యలేదు పెద్దమ్మా" అంది. "అయిదు చోట్ల చేశాం. ఇక్కడ చెయ్యలేదు. తెలిసి కూడా సంతకం పెట్టాను."

వీరమ్మ ఒళ్ళో కాయలు దులుపుకుని లేచింది. ఆమె వెనక ఒకరూ ఇద్దరూ, తరవాత గుంపుగా అందరూ లేచారు. అన్ని కాళ్ళు ఒకేసారి కదిలేసరికి గచ్చు కింద నుంచి బుడబుడమని ఒక శబ్దం వచ్చింది. ఎవరో కెవ్వుమన్నారు. అర నిమిషంలో షెడ్డు ఖాళీ అయింది.

జయదేవ్ వచ్చాడు. కోప్పడలేదు. వానలో తడుస్తున్న ఆడవాళ్ళకు టీ తెప్పించాడు. "మేడమ్‌గారికి అనుమానం వచ్చింది కాబట్టి రెండు రోజులు షెడ్డు మూసేస్తాం. గచ్చు చూపించి మళ్ళీ తెరుస్తాం" అని అందరూ వినేలా చెప్పాడు. శరణ్య వైపు తిరిగి, "రాతపూర్వకంగా ఇవ్వండి, ఎవరూ లోపలికి పోకూడదని. మాకూ మంచిది" అన్నాడు. ఆమె అక్కడే కాగితం తీసుకుని రాసిచ్చింది. ఇంకో కాపీ మండలాఫీసులో ఇచ్చి ముద్ర వేయించుకుంది. గుంటూరు బస్సెక్కి కూర్చున్నాక ఎనిమిది నెలల్లో మొదటిసారి తేలిగ్గా ఊపిరి తీసుకుంది.

రెండో రోజు మధ్యాహ్నం మూడింటికి జయపాల్ ఫోన్ చేశాడు. చాలాసేపు అతను ఏడుస్తున్నాడని ఆమెకు అర్థం కాలేదు.

గోడౌనులో ఒక గదికి కూలింగు ఆగిపోయిందట. అందులో ఉన్న మిర్చి టిక్కీ బస్తాలను పెట్టడానికి వేరే చోటు లేక, ఎలాగూ ఖాళీగా ఉంది కదా అని షెడ్డులోకి మార్చారట. మూడు వందల బస్తాలు, నిలువెత్తు వరసల్లో పేర్చారట. తలుపు మూసుకోవడం లేదు కాబట్టి సరుకు దగ్గర ఒక మనిషిని కూర్చోబెట్టాలి. గేటు దగ్గరి అంకయ్యను పిలిచి స్టూలు వేసి లోపల కూర్చోబెట్టారట.

"చప్పుడు కూడా రాలేదంటండి" అన్నాడు జయపాల్. "రేకులు వంగి నీళ్ళ మీద వాలినట్టున్నాయి. కింద నేల లేదు. అంతా తెల్లబురద, దాని మీద ఎర్రగా కాయలు తేలుతున్నాయి. వీరమ్మ ఒడ్డున నిలబడి పిలుస్తా ఉంది."

అంకయ్య మర్నాడు సాయంత్రానికి గానీ దొరకలేదు.

అక్టోబరులో విచారణ జరిగింది. అధికారి ముందు ఎవరి కాగితం వాళ్ళు పెట్టారు. నిపుణుల రిపోర్టు నమ్మి కట్టానన్నాడు జయదేవ్. యజమాని ఇచ్చిన ప్లాను ప్రకారం కట్టాను, అనుబంధ కట్టడానికి భూపరీక్ష నా బాధ్యతలో లేదు అన్నాడు షెడ్డు కట్టిన కాంట్రాక్టరు. అయిదు చోట్ల అడిగారు, అయిదూ సరిగ్గానే చెప్పాం అన్నారు జానకిరామయ్యగారు, నేల చూస్తూ. అధికారి పేజీలు తిరగేసి తిరగేసి అలసిపోయాడు. ఏ కాగితంలోనూ తప్పు లేదు.

"ఆ గుంట సంగతి కట్టకముందే ఎవరికైనా తెలుసా?" అని అడిగాడు చివరికి.

శరణ్య లేచి, ఫైల్లోంచి తెచ్చిన ఆ ఒక్క పేజీ ఆయన ముందు పెట్టింది. "నాకు తెలుసండి. జయదేవ్‌గారికి చెప్పాను, మా సారుకి చెప్పాను. తరవాత సంతకం పెట్టాను."

జయదేవ్ తరఫు లాయరు కాగితం అందుకుని చదివాడు. "ఇందులో తనకు తెలుసని ఉంది, ఎవరికైనా చెప్పినట్టు లేదు" అన్నాడు. "అంటే రాతపూర్వకంగా చూస్తే, తెలిసిన మనిషి ఈవిడ ఒక్కరే."

నిజమే. ఎవరికి చెప్పిందో రాయలేదు. ఇంకొకరి కాగితంలో అయితే ఆ లోటు ఒక్క చూపులో పట్టుకునేది. అధికారి ఆమె పేరు రాసుకున్నాడు. ఇంకెవరి పేరూ రాసుకున్నట్టు కనిపించలేదు.

బయట మెట్ల మీద వీరమ్మ కూర్చుని ఉంది. శరణ్య ఆమెను దాటిపోలేక అక్కడే ఆగింది.

"ఆడోళ్ళందర్నీ బయటికి పిలిచావు" అంది వీరమ్మ ఆమె వైపు చూడకుండా. "మా ఆయన్ని పిలవకపోతివి."

"ఆయన గేటు దగ్గరున్నాడు పెద్దమ్మా."

"గేటు కాడున్నోణ్ణి తెచ్చి లోపల కూర్చోబెట్టారు." కొంగులోంచి మడిచిన కాగితం ఒకటి తీసింది. "జయదేవ్ బాబు మనుషులు ఇందాక తెచ్చిచ్చారు. వేలిముద్ర వేస్తే ఏదో సాయం చేస్తారంట. నాకు చదువు రాదు. నువ్వు ఇట్టాంటివి చదవగలవంట గదా, చూడు."

శరణ్య మెట్టు మీద కూర్చుని చదివింది. రెండు పేజీలు. పొందిగ్గా రాశారు, ఎక్కడా ఒక్క మాట ఎక్కువ లేదు. షెడ్డులోకి ఎవరూ వెళ్ళకూడదని అంతకు రెండు రోజుల ముందే ఇంజనీరుచేత రాతపూర్వకంగా హెచ్చరిక ఇప్పించామనీ, ఆ సంగతి తెలిసి కూడా అంకయ్య తన ఇష్టపూర్వకంగా లోపలికి వెళ్ళాడనీ, కాబట్టి యజమానికి ఎలాంటి బాధ్యతా లేదనీ ఉంది. హెచ్చరిక కాపీ వెనకాల జతచేశారు. అది ఆమె చేతిరాతే. వానచుక్కలు పడి అక్కడక్కడా సిరా అలుక్కుపోయి ఉంది.

"ఏముంది అందులో?"

శరణ్య తలెత్తింది. రోడ్డుకు అవతల ఒక తెల్లకారు ఆగి ఉంది. ముందు సీట్లోని మనిషి అద్దం దించి, వేలిముద్రల ఇంకు పెట్టె చేతిలో పట్టుకుని ఇటే చూస్తున్నాడు.

"మీ ఆయనదే తప్పని ఉంది" అంది చివరికి. "వెయ్యొద్దు పెద్దమ్మా."

"వెయ్యకపోతే ఏం చేస్తారు?"

"తెలీదు."

కారు తలుపు తెరుచుకుంది. ఆ మనిషి దిగి రోడ్డు దాటడానికి లారీలు పోయేదాకా ఆగాడు. వీరమ్మ రెండు చేతులూ కొంగులో చుట్టుకుంది. శరణ్య కాగితం మడిచి తన దగ్గరే పెట్టుకుని, ఆమెకు ఇంకాస్త దగ్గరగా జరిగి కూర్చుంది.